మూడు గంటల ఎండ

తప్పు నాదే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను, లేకపోతే మధ్యలో ఎక్కడ ఒప్పుకోవాలో తెలియక నసుగుతాను. గాషే ఆస్రెస్ ఫోన్ చేసిన రోజు నేను ఆ పెద్దమనిషిని మాట పూర్తి చేయనివ్వలేదు. మా దగ్గర పెద్దాయనల్ని గాషే అని, పెద్దావిడల్ని ఎతియే అని పిలుస్తాం.

"కంప్యూటర్లో నా బొమ్మకి ఈమధ్యే ఎండ పెట్టాను. పొద్దున పూట తెరిస్తే అంతా చీకటిగా ఉంటోంది సెనాయిత్. మధ్యాహ్నం దాటాక వెలుతురు వస్తుంది గానీ..."

"గ్రాఫిక్స్ కార్డు పోయింది గాషే. మార్చేద్దాం."

"గానీ, ఆ వెలుతురు కూడా..."

"పోయిందంటున్నాగా. నా దగ్గర మంచిది ఒకటుంది. గురువారం తెచ్చి పెడతాను."

ఆ పూట దుకాణంలో నా ఎదురుగా ముగ్గురు నిలబడి ఉన్నారు, ముగ్గురికీ తొందరే. అయినా అది సాకు. అడిస్ అబాబాలో పన్నెండేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. పెద్దవాళ్ళు యంత్రం గురించి చెప్పేది సగం వింటే చాలు, మిగతా సగం నాకే తెలుసని నా పొగరు.

మా కండోమినియంలో నా దుకాణం అడుగు అంతస్తు, గాషే ఇల్లు నాలుగో అంతస్తు. నలభై ఏళ్ళు సర్కారు మ్యాపులు గీసి రిటైరైన మనిషి. ఊరి నడుమ ఆయన పుట్టి పెరిగిన సందును రోడ్డు కోసం రెండేళ్ళ కిందట కొట్టేశారు. నలభై ఒక్క ఇళ్ళవాళ్ళు తలో దిక్కూ పోయారు. అప్పటి నుంచి ఆయన ఆ సందును కంప్యూటర్లో మళ్ళీ కడుతున్నారు. గోడలు, రేకుల కప్పులు, నీళ్ళ కుళాయి, ఎవరి గుమ్మానికి ఎన్ని మెట్లో అన్నీ కొలతల ప్రకారం. మౌస్ తిప్పితే సందులో నడిచినట్టే ఉంటుందని ఆయన భార్య ఎతియే లాకెచ్ చెప్పేది. "నాతో మాత్రం సంత దాకా కూడా నడవడు" అని కూడా చెప్పేది.

ఆ సందువాళ్ళు ఇప్పటికీ నెలనెలా ఇరవై ఒకటో తేదీన, మరియ తల్లి రోజున, ఎవరో ఒకరింట్లో కూడుకుంటారు. ఈ హిదార్ నెల వంతు గాషేది, ఆదివారం పడింది. ఆ రోజు కంప్యూటర్‌ను పెద్ద టీవీకి తగిలించి సందు చూపిస్తానని ఎమామా అస్కాలేకి మాటిచ్చారు. ఎమామా అంటే అమ్మమ్మ అన్నట్టు, ఆ సందుకే పెద్ద, ఎనభై దాటింది. సందులో ఉన్నన్నాళ్ళూ పొద్దు పొడిచి మూడు గంటలయ్యేసరికి తన గుమ్మం ముందు రాతిమెట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేదట, ఎండ సరిగ్గా ఆ వేళకు అక్కడికి దిగేదట. ఇప్పుడు మనవరాలి దగ్గర ఉంటోంది. ఆ ఇంటి కిటికీలు ఉత్తరం వైపే ఉన్నాయి. కళ్ళు కూడా పోయాయి, కనిపించేవి రెండే, వెలుతురు, చీకటి.

"సందు చీకటిగా ఉంటే ఆవిడకి నేనేం చూపించినట్టు?" అన్నారు గాషే, గురువారం నేను పైకి వెళ్ళి పెట్టె విప్పుతుంటే.

"ఆదివారానికి మిలమిలా మెరిసిపోతుంది, చూడండి" అన్నాను.

పాత కార్డు పీకాను. కింద రోడ్డు మీద తుక్కువాడు కేకేస్తూ పోతుంటే కిటికీలోంచి ఆగమని, కిందికి దిగి వాడి గోనెలో పడేసి వచ్చాను. పోయిన కార్డు ఇంట్లో ఉంచుకుంటే దుమ్ము తప్ప ఏముంది? కొత్తది బిగించాను. తెర వెలిగింది. అక్షరాలు మాత్రం గుమ్మడికాయలంత ఉన్నాయి. అది మామూలే. కార్డు చేత సరిగ్గా పని చేయించడానికి డ్రైవర్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఎక్కించాలి, ఎక్కించేదాకా ఏ కార్డయినా అలాగే ఉంటుంది, గాషే బొమ్మ లాంటి పెద్ద బొమ్మలు అసలు తెరవనే తెరవదు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన డ్రైవర్ మీద నొక్కాను. సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఈ ఫైలు మీద ఉన్న సంతకాన్ని నిర్ధారించలేకపోతున్నాం అని తెర మీద వచ్చింది.

"ఎవరి సంతకం?" అన్నారు గాషే నా భుజం మీదుగా చూస్తూ.

"కార్డు చేసిన కంపెనీది. ఇది మాదే, దొంగది కాదు అని వాళ్ళు పెట్టే సంతకం."

"మరి నీది దొంగదా?"

"కాదు గాషే."

"ఊరికే అడిగాను."

సంతకం నమ్మనని యంత్రం మొండికేస్తే ముందు తేదీ చూడాలని మా పనిలో మొదటి నెలలోనే నేర్పుతారు. చూశాను. తెర మూలన 18-3-2018 అని ఉంది. ఆ రోజు హిదార్ పద్దెనిమిది. హిదార్ మూడో నెల. సంవత్సరం 2018. గంట చూశాను, నాలుగూ పది. నా చేతి గడియారంలోనూ నాలుగూ పదే. సరిగ్గా ఉంది అనుకుని ముందుకు పోయాను.

నేను మూలకి చూడడం గాషే గమనించారు. "రోజూ నేనే చెప్తాను దానికి" అన్నారు. "లోపల బిళ్ళ బ్యాటరీ అయిపోయి మూడేళ్ళయింది. కరెంటు పోతే చాలు, ఏ రోజో మర్చిపోతుంది. పొద్దున దాన్ని లేపి, ఇవాళ ఫలానా రోజు, ఇన్ని గంటలైంది అని చెప్పి పనిలోకి దించుతా."

"చిన్న బిళ్ళే గాషే, ఇప్పుడే మార్చేస్తాను."

"వద్దు. దానికి తెలియనిది నాకు తెలిసింది అదొక్కటే."

"ఆయన మాట ఈ ఇంట్లో వినేది కూడా అదొక్కటే" అంది వంటింట్లోంచి ఎతియే లాకెచ్. "దాన్నీ చెడగొట్టకు తల్లీ."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నవ్వులో అసలు సంగతి కొట్టుకుపోయింది.

ఆ రోజంతా డ్రైవర్‌తో కుస్తీ పట్టాను. ఇంకో రకం ఎక్కించాను, అదే మాట. పాత డ్రైవర్ అవశేషాలన్నీ ఊడ్చేసి మళ్ళీ ఎక్కించాను, అదే మాట. కార్డు పళ్ళని రబ్బరుతో రుద్ది, పక్క గాడిలో పెట్టి చూశాను. యంత్రం ఎంత మర్యాదగా చెప్పిందో అంతే మర్యాదగా మళ్ళీ అదే చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టే యంత్రంతోనైనా పోట్లాడవచ్చు గానీ, మర్యాదగా కాదనేదాన్ని ఏం చేయాలో నాకు తెలియదు.

శుక్రవారం పొద్దున కార్డుని కిందికి తీసుకెళ్ళి నా దుకాణంలో యంత్రానికి తగిలించాను. అదే పెన్‌డ్రైవ్, అదే డ్రైవర్. కాఫీ తాగేలోపు ఎక్కి కూర్చుంది. మళ్ళీ పైకి తెచ్చి గాషే యంత్రంలో పెడితే సంతకం నమ్మనంది. నేను కుర్చీలో వెనక్కి వాలి పైకప్పుకేసి చూస్తూ ఉండిపోయాను.

"ఏమైంది?" అన్నారు గాషే.

"కార్డు మంచిదే. డ్రైవరూ మంచిదే. మీ యంత్రంలోనూ లోపం ఏమీ కనిపించట్లేదు."

"మరి?"

"మూడూ మంచివే. కలిస్తే పని చేయట్లేదు."

"ముగ్గురు మంచివాళ్ళు ఒకింట్లో ఉంటే అంతే" అంది ఎతియే లాకెచ్, వేయించిన బార్లీ గింజల పళ్ళెం నా ముందు పెడుతూ. "ఒకడైనా సర్దుకుపోయేవాడు ఉండాలి."

నా ఫోన్ ఇంటర్నెట్‌ను కంప్యూటర్‌కి ఇచ్చి, కంపెనీ సైటులోంచే నేరుగా తాజా డ్రైవర్ దింపుదామని చూశాను. సైటు తెరుచుకోలేదు. మీ గడియారం వెనకబడి ఉంది అని తెర మీద పడింది.

నేను మూలన చూశాను. ఐదూ నలభై. చేతి గడియారం చూశాను. ఐదూ నలభై. గాషే లేచి వెళ్ళి గోడ గడియారం కింద నిలబడ్డారు.

"ఐదూ నలభై ఒకటి" అని అక్కడి నుంచి చెప్పారు. "ఒక్క నిమిషానికే ఇంత రాద్ధాంతమా?"

"నిమిషానికి ఏమీ అనదు గాషే."

"ఎంత వెనకబడిందో చెప్పమను."

"చెప్పట్లేదు."

ఎతియే లాకెచ్ బాల్కనీలోకి వెళ్ళి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఎండ చూసి వచ్చింది. "గడియారం సరిగ్గానే ఉంది. పప్పు పొయ్యి మీద పెట్టే వేళయింది" అని తీర్పు చెప్పేసింది. గడియారాలు, సూర్యుడు, వంటిల్లు అన్నీ ఒక్క మాట మీద ఉన్నాయి. యంత్రం ఒక్కటే కాదంటోంది. ఇన్నేళ్ళ నా పనిలో నాకు మతి పోయింది ఆ పూటే. ఏదో వైరస్ గడియారం గురించి అబద్ధాలాడిస్తోందని తీర్మానించాను. అంతకంటే తెలివైన ఆలోచన నాకు రాలేదు.

"అంతా చెరిపేసి మొదటి నుంచి సిస్టమ్ ఎక్కిస్తాను" అన్నాను. "బొమ్మని వేరేగా దాచి పెడతాను, భయపడకండి."

గాషే కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి వేశారు. "ఆ సందుని ఒకసారి చెరిపేశారు. చాలు."

పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాను. సాయంత్రం తుక్కువాణ్ణి వెతుక్కుంటూ మార్కెట్ దాకా పోయాను, పాత కార్డయినా తెచ్చి పెడితే చీకటి బొమ్మ అయినా తెరుచుకుంటుందని. వాడి సరుకు మధ్యాహ్నమే లారీ ఎక్కేసిందట. ఇంటికి తిరిగి వస్తుంటే ఏడుపొచ్చినంత పనైంది. ఎమామా అస్కాలేని నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె కాళ్ళు చాపుకునే మెట్టు మాత్రం ఆ రోజు నా గుండె మీద ఉంది.

శనివారం పైకి వెళ్ళేసరికి ఎతియే లాకెచ్ కాఫీ గింజలు వేయిస్తోంది. ఉపవాసాల నెల, పాలూ వెన్నా లేవు. ఆదివారానికి పెద్ద రొట్టెకి పిండి కలిపి మూత పెట్టి ఉంది, ఇంటి బీరు కుండ మూలన పొంగుతోంది. కుర్చీలు పక్కింటి నుంచి కూడా వచ్చేశాయి. రాత్రి కరెంటు పోయినట్టుంది, గాషే కంప్యూటర్ ముందు కూర్చుని దానికి తేదీ చెప్తున్నారు. రెండు వేళ్ళతో, ఒక్కొక్క అంకే నొక్కి.

"ఏం చెప్పినా వింటుంది గానీ, దీనికి చదువు పూర్తిగా అబ్బలేదు" అన్నారు నావైపు తిరగకుండానే. "పాగుమే రాదు దీనికి."

"ఏంటి?"

"పాగుమే. దీనికి పన్నెండు నెలలే వచ్చు. పదమూడు అని కొడితే తీసుకోదు. ఏటా కొత్త సంవత్సరం ముందు ఆ ఐదు రోజులూ దీనికి గుడ్డ కప్పేస్తాను."

"ఆ ఐదు రోజులే నాకు మొగుడు దొరికేది" అంది ఎతియే లాకెచ్.

"రెండో నెల ఇంకా అన్యాయం. ఇరవై ఎనిమిది దాటనివ్వదు. చివరి రెండు రోజులూ మళ్ళీ ఇరవై ఎనిమిదే కొడతాను, ఏం చేస్తాం."

నేను నవ్వాను. నవ్వుతూనే తెర మూలకి చూశాను. 20-3-2018. నవ్వు మధ్యలో ఆగిపోయింది. కప్పు కింద పెట్టాను, పెట్టింది సాసరులో కాదని తర్వాత తెలిసింది.

"గాషే, మీరు దీనికి రోజూ మన తేదీయే చెప్తారా?"

"మరి ఎవరి తేదీ చెప్పాలి?"

యంత్రానికి తెలిసింది పరంగీల పంచాంగం ఒక్కటే. మా లెక్కలో ఇది 2018 హిదార్, వాళ్ళ లెక్కలో 2025 నవంబరు. 2018 అని చెప్తే ఏడేళ్ళ కిందట ఉన్నానని అది నమ్మేస్తుంది. నా కొత్త డ్రైవర్ మీద సంతకం పెట్టి రెండేళ్ళయింది. ఇంకా పుట్టని మనిషి సంతకం తెచ్చి ముందు పెడితే ఏ గుమాస్తా మాత్రం ఒప్పుకుంటాడు? పాత కార్డు డ్రైవర్ బాగా పాతది, యంత్రం కొన్ననాడే దుకాణంవాళ్ళు ఎక్కించి ఇచ్చారు, అందుకే దానికి ఈ పేచీ రాలేదు. నేనేమో రెండు పంచాంగాల మధ్య పెరిగినదాన్ని. దుకాణంలో యంత్రం వాళ్ళ తేదీ చూపిస్తుంది, ఇంట్లో గోడ మా తేదీ చూపిస్తుంది, ఏది చూసినా సరే అనుకునే కళ్ళు నావి. మూడు రోజులు ఆ అంకెల్ని చూస్తూనే ఉన్నాను, మూడు రోజులూ అవి నిజమే.

ఇదంతా చెప్పాను. గాషే తెర మూలన ఉన్న అంకెల మీద వేలు పెట్టారు.

"అంటే నా సంవత్సరం తప్పా?"

"తప్పు కాదు గాషే. దానికి తెలియదు."

"తెలియనిదాని కోసం తెలిసినవాడు మారాలా? నా ఇంట్లో, నా బల్ల మీద?"

సమాధానం కాఫీ వంచుతున్న చోటి నుంచి వచ్చింది.

"రేపు అస్కాలే వస్తుంది" అంది ఎతియే లాకెచ్. "ఆవిడకి సంవత్సరం చూపిస్తావా, సందు చూపిస్తావా?"

గాషే కీబోర్డు నావైపు జరిపారు. మొహం మాత్రం కిటికీ వైపు తిప్పుకున్నారు.

నవంబరు 29, 2025 అని కొట్టాను. గంట కూడా మార్చాను. మేం పొద్దు పొడుపు నుంచి లెక్కపెడతాం, వాళ్ళు నడిరేయి నుంచి. మా మూడూ యాభై వాళ్ళకి తొమ్మిదీ యాభై. బిళ్ళ బ్యాటరీ మార్చాను, ఈసారి ఆయన వద్దనలేదు. డ్రైవర్ నొక్కాను. సంతకం గురించి ఒక్క మాట లేదు. తెర ఒకసారి ఆరి వెలిగేసరికి అక్షరాలు చిన్నవై, తీరుగా నిలబడ్డాయి. నాకు ఆనందం కంటే సిగ్గే ఎక్కువ వేసింది.

"బొమ్మ తెరవండి గాషే."

తెరిచారు. సందు నిండా ఎండ ఉంది. తూర్పు నుంచి ఏటవాలుగా, రేకుల అంచు దాటి, సున్నం కొట్టిన గోడల మీద పడుతోంది. ఆయన మౌస్ కదపడం కూడా మర్చిపోయారు.

"ఈ ప్రోగ్రాం యంత్రం గడియారం చూసుకుని సూర్యుణ్ణి పెడుతుందా?" అని అడిగారు చివరికి, మెల్లగా.

"అవును గాషే. మీరు పొద్దున మూడు అని చెప్పేవారు. అది తెల్లవారుజాము మూడనుకునేది."

"అందుకే చీకటి."

"అందుకే."

"మధ్యాహ్నం దాటాక వెలుతురు వచ్చేది గానీ, అది కూడా తప్పు వైపు నుంచి వచ్చేది. సాయంత్రం పూట తూర్పు నుంచి ఎండ. అదే ఆరోజు నీకు ఫోన్లో చెప్పబోయాను."

ఆ 'గానీ' తర్వాత మాట అది. విని ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. ఇక దాచి లాభం లేదు. "మీ పాత కార్డు పోలేదు గాషే" అన్నాను. "అది బంగారంలా ఉంది. నేనే తుక్కులో పడేశాను."

ఆయన నన్ను కాసేపు చూశారు. ఎతియే లాకెచ్ కూడా కాఫీ కుండ పట్టుకుని అలాగే చూసింది.

"అయితే నాకు అసలు కొత్త కార్డే అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"రేపు అందరి ముందూ చెప్పు ఆ మాట" అన్నారు. "మా సందువాళ్ళు నవ్వి చాలా రోజులైంది."

తర్వాత గోడ మీది క్యాలెండర్‌లోంచి ఆనాటి ముక్క చింపి, హిదార్ 20 అని ఉన్నదాన్ని, తెర మూలన తేదీ కనిపించే చోట అతికించారు. కింద ఏ తేదీ ఉందో ఇంక ఆయనకి పట్టలేదు.

ఆదివారం గుడి నుంచి అందరూ నేరుగా వచ్చారు. ఇరుకు గదిలో ముప్పై మంది దాకా ఉన్నారు, రొట్టె కోశారు, బీరు పోశారు, నా తుక్కు కథ నా చేతే రెండుసార్లు చెప్పించుకున్నారు. టీవీలో గాషే వాళ్ళని సందంతా తిప్పారు. ఈ గోడ మాదేనని ఒకరు, కుళాయి ఇంకాస్త ఎడమకని ఒకరు, నీ తలుపు ఎప్పుడు అంత శుభ్రంగా ఉందని ఇంకొకరు.

ఎమామా అస్కాలే టీవీకి రెండడుగుల దూరంలో పీట మీద కూర్చుంది. తెల్లటి శాలువా తల మీదుగా కప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఎవరేం చెప్పినా తలూపలేదు. ఆవిడకి ఏమీ కనిపించట్లేదని నాకు అనిపించింది. మనవరాలు నావైపు చూసి చిన్నగా తల అడ్డంగా ఊపింది.

గాషే కూడా చూశారు ఆ సైగ. సందులో నడక ఆపి ఒక గుమ్మం ముందు నిలబడ్డారు. కంప్యూటర్ గడియారంలో గంట వెనక్కి తిప్పారు. గోడలు మసకబారాయి, ఆవిడ మొహం మీద వెలుతురు తగ్గిపోయింది. అప్పుడు కొద్దికొద్దిగా ముందుకు జరిపారు. ఎండ పైకప్పు అంచు మీదకొచ్చింది, సున్నపు గోడ మీదికి దిగింది, తలుపు సగం దాకా వచ్చింది. గదిలో మాటలు ఒకటొకటిగా ఆగిపోయాయి. వాళ్ళ తొమ్మిది దగ్గర, మా మూడు దగ్గర, రాతిమెట్టు తెల్లగా వెలిగింది. గోడా మెట్టూ కలిసి టీవీ మొత్తం వెలుతురైపోయింది.

"వచ్చింది" అంది ఎమామా అస్కాలే.

శాలువా తల మీంచి భుజాల మీదికి దించుకుంది. పీటని కాస్త ముందుకి లాక్కుని, చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ టీవీ వైపు చాపింది. మనవరాలు లేవబోతే ఎతియే లాకెచ్ చెయ్యి పట్టి ఆపింది.

ఆవిడ లేచేదాకా గాషే ఆ గంట కదలనివ్వలేదు.